మాటలేని బొమ్మలు – మా యత్తగారి కమ్మలు

మా మామగారి రేకుపెట్టె యొకటి ఇరువది యేండ్లకు పైగా మా యింటి నడవలో గోనెపట్టా కప్పుకొని యుండెను. ఆ పెట్టెయన్న మా యత్తగారికి సరిపడదు. పండుగలకు ఇల్లు కడిగించునపుడెల్ల "ఈ శని యెప్పుడు బయటికి పోతుందో" అని గొణుగుకొనుచు దాని చుట్టును నీళ్లు పోయించెడివారు. కారణము మేము కాపురమునకు వచ్చిన క్రొత్తలోనే తెలిసినది. ఆమె చెవికమ్మలకని కూడబెట్టిన సొమ్ము పెట్టి మామగారు గుంటూరులో ఒక పాత సినిమా యంత్రమును, నాలుగు డబ్బాల ఫిల్మును కొని, లారీమీద వేయించుకొని పెద్దదోర్నాలకు తెచ్చిరట. ఆయనయు బడిపంతులే. "కమ్మలు తెస్తాడని కాసుకోనుంటే కదిలే బొమ్మలు తెచ్చినాడు" అని అత్తగారు ఇప్పటికిని చెప్పుదురు.

మామగారు కాలము చేసి ఏడాది నిండినది. సాంవత్సరికము జరిగిన వారమునకే పాత యినుము కొనువాడు వీధిలో కేకవేయగా అత్తగారు వానిని లోనికి బిలిచి పెట్టెను జూపిరి. బేరము తెగుచున్న సమయమునకు మా యింటివారు బడినుండి వచ్చుట తటస్థించెను. తల్లిమాటకు ఎన్నడును ఎదురాడనివారు ఆ దినమున పెట్టెపై చేయివేసి "అమ్మా, ఒక్క నెల ఆగు" అనిరి. ఆ నెల గడువులో మేము విన్నవియు, చదివినవియు, కన్నవియు సోదరీమణులకు విన్నవించుటకే ఈ నాలుగు మాటలు.

డబ్బాలు తెఱచినంతనే మొదట మమ్ము పలుకరించినది వాసన. మూడింట పాత కాగితముల కంపే గాని నాలుగవదానినుండి ముక్కుపుటములు అదరునట్టి పుల్లని ఘాటు వచ్చెను. పాడైన ఊరగాయ జాడీ యెవరో లోన దాచిరా యని తోచినది. మార్కాపురములో రేడియోలు బాగుచేయు ఒక వృద్ధుడు పూర్వము గుడారపు సినిమాలో యంత్రము నడపినవాడని తెలిసి మా యింటివారు ఆయనను తీసికొని వచ్చిరి. ఆయన కన్నులు మూసికొని డబ్బా వాసన చూచి, "ఇది పులిసిపోయింది సార్. తిప్పినామంటే పళ్లు తెగుతాయి" అని మూత పెట్టివేసెను. తక్కిన మూడింటిలో ఒకటి సేద్యమును గూర్చిన ప్రభుత్వపు ప్రచార చిత్రము. ఇంకొకటి చార్లీ చాప్లిన్ 1917 లో నటించిన 'ఈజీ స్ట్రీట్' అను ప్రహసనములో సగము. మిగిలిన రెండు డబ్బాలును కలిసి ఒకే కథ. బస్టర్ కీటన్ అను నటుడు 1920 లో తీసిన 'వన్ వీక్', అనగా 'ఒక వారము'. మొదటి సగము చక్కగా నున్నది. పులిసినది రెండవ సగము.

ఈ కథను చెప్పక ముందుకు సాగలేము. క్రొత్తగా పెండ్లియైన దంపతులకు పినతండ్రి యొకడు స్థలమును, పెట్టెలలో సర్దిన ఇంటిని కానుకగా నిచ్చును. పలకలు, దూలములు, తలుపులు అన్నియు అంకెలు వేసిన పెట్టెలలో వచ్చును. అంకెల క్రమమున కూర్చుకొన్నచో ఇల్లు నిలుచునన్నమాట. ఆ పిల్లను పెండ్లాడ గోరి భంగపడిన వాడొకడు అంకెలు మార్చివేయును. ఇక చూడవలె! తలుపు మేడపై గాలిలోనికి తెఱచుకొనును. గోడలు వంకరలు పోవును. ఇల్లాలు భర్తతో సమముగా మేకులు కొట్టి, బరువులు మోసి, వంటయు చేయును. గృహప్రవేశమునాడు గాలివాన వచ్చి ఇల్లు బొంగరమువలె తిరుగగా చుట్టములు ఒక్కొక్కరే బయట పడుదురు. తెల్లవాఱిన తరువాత తెలియును, తాము కట్టినది పరుల స్థలమునందని. ఇంటిని పీపాలపై లాగుచుండగా రైలుపట్టాల నడుమ చిక్కుకొనును. దూరమున రైలు. దంపతులు కన్నులు మూసికొందురు. రైలు ప్రక్కపట్టాపై పోవును. ఊపిరి పీల్చుకొనునంతలో రెండవవైపునుండి వేఱొక రైలు వచ్చి ఇంటిని పిండిచేయును. ఆయన ఒక్క క్షణము చూచి, 'అమ్మబడును' అను పలక నిలబెట్టి, ఇల్లు కూర్చు విధానము వ్రాసిన కాగితమును కూడ దానికి తగిలించి, భార్య చేయి పట్టుకొని నడచిపోవును.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న మన సామెత రెండు పాదములును ఇరువదియైదు నిమిషములలో ఎదుట నిలుచును. ఆ అమెరికా దేశీయుడు ఈ సామెత విన్నవాడు కాడు గదా!

ఈ తరహా హాస్యమునకు వారి భాషలో 'స్లాప్‌స్టిక్' అని పేరు. పూర్వము ఇటలీ దేశపు వీధినాటకములలో హాస్యగాడు రెండు పలుచని చెక్కలు జోడించిన బద్దతో ఎదుటివానిని కొట్టెడివాడు. దెబ్బ చిన్నది, చప్పుడు పెద్దది. ఆ చెక్క పేరే ఆటకు పేరైనది. మన యిండ్ల పెద్దలకు ఇందు వింత యేమియు తోచదు. తోలుబొమ్మలాటలో కేతిగాడును బంగారక్కయు కొట్టుకొనునపుడు తెరవెనుక కాలిక్రింది చెక్కపలకను తొక్కి దెబ్బల మ్రోత పుట్టించుటను ఎందరు వినలేదు? రామరావణ యుద్ధమునకు నిద్రపోయిన పిల్లలు కేతిగాని మ్రోతకు లేచి కూర్చుండెడివారని మా తాతమ్మ చెప్పెడిది.

మా నాయనగారు మాకు ఇంటిలోనే అలంకారశాస్త్రము చెప్పినపుడు హాస్యరసమున ఆఱు భేదములు వల్లెవేయించిరి. స్మితము, హసితము, విహసితము, ఉపహసితము, అపహసితము, అతిహసితము. మొదటి రెండు ఉత్తములకు, నడిమి రెండు మధ్యములకు, కన్నుల నీరు కారి ప్రక్కలు పట్టుకొను కడపటి రెండును అధములకు అని భరతుడు విధించెను. తాను నవ్వుట ఆత్మస్థము, పరుని నవ్వించుట పరస్థము. కీటన్ చిత్రమంతట ఒక్కమారును నవ్వడు, పెదవి కదలింపడు. ఇంతటి కేవల పరస్థమును మేము ఏ నాటకమునందును చదువలేదు. కాని ఎవరు ఎట్లు నవ్వవలెనను విధి మాత్రము ఈ బొమ్మల యెదుట నిలువదు. అతిహసితము అధమలక్షణమైనచో మా వీధిలో ఆ రాత్రి ఉత్తము లొక్కరును మిగిలియుండరు.

ఆడువారి నవ్వును గూర్చి లోకమునకు వేఱే భయము కూడ కలదు. మయసభలో నేలయని తలచి నీట పడిన సుయోధనుని పాటు ఎట్టిది? నేడు తెరపై చూపిన స్లాప్‌స్టిక్ అనుటకు సందేహము లేదు. వ్యాసుని భారతమున నవ్వినవారిలో భీమార్జునాదులును ఉన్నారు. అయినను జనులు తరతరములుగా కురుక్షేత్రమునకు కారణముగా చెప్పుకొనునది ద్రౌపది నవ్వునే! పడినవానిని చూచి మగవారు నవ్విన సరసము, ఆడుది నవ్విన సర్వనాశనము. ఈ సంగతి మేము మా యింటివారితో అనగా వారు "నేను నవ్వలేదుగా" అని తప్పించుకొనిరి.

అట్టి లోకములోనే ఒక యువతి నవ్వించుటను వృత్తిగా చేసికొనెను. ఆమె పేరు మేబెల్ నార్మండ్. మాక్ సెనెట్ అనునతడు 1912 లో కీస్టోన్ కంపెనీని స్థాపించినపుడు అందు ముఖ్యనటి ఈమెయే. 1914 లో చాప్లిన్ ఆ కంపెనీలో చేరిన క్రొత్తలో ఆమె దర్శకత్వమున కూడ నటించెను. ఆడుదాని యాజ్ఞకు లోబడి నటించుట ఆయనకు రుచింపక పేచీ వచ్చినది. ఆ సంవత్సరమే ఇద్దఱును మేరీ డ్రెస్లర్ అను నటితో గూడి 'టిల్లీస్ పంక్చర్డ్ రొమాన్స్' అను పెద్ద హాస్యచిత్రమున నటించిరి. మేబెల్ 1930 లో క్షయవ్యాధితో మరణించెను. చాప్లిన్ టోపీయు కఱ్ఱయు ఎఱుగని పిల్లవాడు లేడు, మేబెల్ పేరు మేమును ఈ నెలవఱకు ఎఱుగము.

మాటలేని కాలమున దేహమే మాట. హెరాల్డ్ లాయిడ్ అను కళ్లజోటి నటునికి 1919 లో నాటకపు బాంబని తలచినది నిజముగా ప్రేలి కుడిచేతి బొటనవ్రేలును చూపుడువ్రేలును పోయెను. 1923 లో 'సేఫ్టీ లాస్ట్' చిత్రమున గడియారపు ముల్లు పట్టుకొని మేడనుండి వ్రేలాడినది ఆ చేతితోనే, తొడుగు వేసికొని. కీటన్ 1928 లో తీసిన 'స్టీమ్‌బోట్ బిల్ జూనియర్'లో ఇంటి ముందుగోడ మొత్తము ఆయనపై కూలును. కిటికీ ఖాళీ సరిగా ఆయన నిలిచిన చోటికి వచ్చుటచే బ్రదికెను. అది నిజమైన గోడ. జానెడు ప్రక్కకు నిలిచినను చచ్చియుండును. మా యత్తగారు ఈ సంగతి విని "వాడి తల్లి చూసిందా దాన్ని?" అని అడిగిరి. తల్లిదండ్రులే ఆయనను పసితనమున రంగస్థలముపై విసరి ఆడించినవారని మేము చెప్పితిమి. ఆమె ఇంకేమియు అడుగలేదు.

ఇట్టి చిత్రములను సేకరించువారు లోకమంతట నున్నారు. వీరికి ఈ హాస్యపు తునకలపైననే మక్కువ యేలయని మేము మొదట ఆశ్చర్యపడితిమి. కారణములలో కొన్ని మన యింటిపనికి దగ్గఱవే. సినిమాహాలు ఫిల్ము వెడల్పైనది, 35 మిల్లీమీటర్లు. ఆ కాలపుది నైట్రేటు పదార్థముతో చేసినది. అంటుకొన్నచో నీట ముంచినను ఆరదు. కనుక ఇండ్లలో ఆడించుటకు ఫ్రాన్సులో పాథే కంపెనీవారు 1922 లో తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఫిల్మును, అమెరికాలో కొడక్ కంపెనీవారు 1923 లో 16 మిల్లీమీటర్ల ఫిల్మును అగ్నిభయము లేని పదార్థముతో తెచ్చిరి. పెద్ద ఫిల్ము 1000 అడుగులలో పట్టునది చిన్నదానిలో 400 అడుగులలో ఇముడును. రెండు రీళ్ల హాస్యకథ రెండు డబ్బాలలో చంకనబెట్టుకొని పోదగినదాయెను. మాటలు లేవు గనుక భాషతో పనిలేదు. నడుమ వచ్చు అక్షరముల పలకలు మార్చినచో ఏ దేశమునకైనను చెల్లును. ఇట్లు గృహస్థుల బీరువాలలోనికి వేలకొలది చేరినవి. కంపెనీలవారు అసలు ఫిల్మును పారవేసిన తరువాత ఆ బీరువాలే గతియైనవి.

పారవేయుట యన్నది మేము పెంచి చెప్పిన మాట కాదు. అమెరికాలో 1912 మొదలు 1929 వఱకు వెలువడిన మాటలేని పెద్ద చిత్రములు పదునొకండు వేలకు కొంచెము తక్కువ. వానిలో తొలిరూపమున మిగిలినవి నూటికి 14 మాత్రమేయని ఆ దేశపు కాంగ్రెసు గ్రంథాలయమువారు 2013 లో తేల్చిరి. లాయిడ్ తన చిత్రములను ఇంటనే దాచుకొనగా 1943 లో ఆ కొట్టము కాలి అనేకము పోయినవి. కీటన్ విడిచిపోయిన ఇంటిని కొన్న జేమ్స్ మేసన్ అను నటునికి 1950 తరువాతి యేండ్లలో ఆ యింట మూలబడిన డబ్బాలు దొరకగా వానిచే కొన్ని చిత్రములు బ్రదికినవి. లారెల్, హార్డీ అను జంట 1927 లో 'బాటిల్ ఆఫ్ ది సెంచరీ'లో ఒక వీధివీధినంతటిని మీగడరొట్టెలతో కొట్టుకొనునట్లు చేసిరి. అందలి రెండవ రీలు పూర్తిగా దొరకక, అక్కడక్కడి ముక్కలే చూచుచు లోకము దశాబ్దములు గడపెను. 2015 లో జాన్ మిర్సాలిస్ అను సేకర్త తన యొద్దకు వచ్చిన పాత డబ్బాల రాశిని ఒక్కొక్కటిగా చూచుచుండ ఆ రీలు బయటపడెను. 'ఏ థీఫ్ క్యాచర్' అను 1914 నాటి చిత్రమున చాప్లిన్ పోలీసు వేషమున నున్నాడని ఎవరికిని తెలియదు. మిషిగన్ రాష్ట్రమున పాత సామానుల సంతలో కొన్న డబ్బాలో అది దొరికిన సంగతి 2010 లో వెల్లడియైనది. సంతలో చిల్లుకుండల నడుమ రాగిచెంబు వెదకు అలవాటున్న మనకు ఆ సంతోషము వేఱే వివరింప నక్కరలేదు.

మన దేశపు సంగతి తలచుకొన్న కడుపు తరుగుకొనిపోవును. మాటలేని కాలమున ఇచ్చట 1300 కు పైగా చిత్రములు తీసిరి. చేతివ్రేళ్లపై లెక్కింపదగినన్నియే మిగిలినవి. మచిలీపట్టణమున 1869 లో పుట్టిన రఘుపతి వెంకయ్యగారు మదరాసులో ఛాయాగ్రాహకులై యుండి, బొమ్మలాడించు యంత్రమును తెప్పించి, బర్మా సింహళములవఱకు తిరిగి చూపించి, 1914 లో మదరాసున గెయిటీ సినిమాహాలు కట్టించిరి. ఆయన కుమారుడు ప్రకాశ్ 1921 లో 'భీష్మప్రతిజ్ఞ' తీసెను. తెలుగువారు తీసిన తొలి చిత్రమది. నేడు దానిలో ఒక్క మూరయైనను లేదు. 1931 లో కాళీపద దాస్ తీసిన 'జమాయిబాబు' అను వంగచిత్రము మాత్రము అదృష్టవశమున దొరకినది. పల్లెటూరి యల్లుడు కలకత్తాలో పడు పాట్లే అందలి కథ. పడుట, లేచుట, పరుగెత్తుట, అంతయు చాప్లిన్ బాటయే. క్రొత్తయల్లుని అవస్థకు నవ్వని దేశము లేదు కాబోలు.

ఇవియన్నియు ఏమైనవి? ఫిల్ముపై పూతలో వెండి యుండును. మాటల చిత్రములు వచ్చినతోడనే పాతవానికి గిరాకి పోయి, వెండికొఱకు కడిగిరి. మిగిలిన పలుచని రేకు ఆడువారి గాజులకును, చేతిసంచులకును పోయినది. ఎవరి ముంజేతిపై ఏ భీష్ముడు గలగలలాడెనో! కమ్మలకు మాఱుగా బొమ్మలు వచ్చిన మా యింటి కథ అక్కడ తలక్రిందులైనది. పుణేలో 1964 లో నెలకొల్పిన జాతీయ చలనచిత్ర భాండాగారమున పి. కె. నాయర్ గారు 1991 లో విరమించువఱకు ఊరూరు తిరిగి, చిలుముపట్టిన డబ్బాలు ఏఱి తెచ్చి నిలిపిరి గనుక ఫాల్కేగారి చిత్రఖండములనైన చూడగలుగుచున్నాము. పుణేలోనే 2003 జనవరిలో నైట్రేటు ఫిల్ము దాచిన గదులు అంటుకొని మఱల ఎన్నియో బూడిదయైనవి.

ఇంతయు విని మా యత్తగారు అడిగిన ప్రశ్న సామాన్యమైనది కాదు. "ఆ ఇల్లు కట్టేవాడి బొమ్మ లోకంలో ఇంకెక్కడా లేదా?" ఉన్నది. ఫోనులో పేరు కొట్టినచో మా డబ్బాలో కంటె నిర్మలముగా కనబడును. "అట్లయితే దీన్ని పెట్టుకొని ఏం చేస్తారు?" మా యింటివారికి బదులు తోచలేదు. మాకును తోచలేదు.

బదులు పెట్టె అడుగున దొరకినది. నలుబది పుటల లెక్కల నోటుపుస్తకము. మాటలేని చిత్రములు ఆడు దినములలో తెరప్రక్క నిలిచి కథ చెప్పువా డొకడుండెడివాడు. పిమ్మట 1949 లో 'గుణసుందరి కథ'లో నాయకుడైన కస్తూరి శివరావుగారు మొదట ఆ పనిచేసినవారే. మామగారును తన బడిపిల్లలకు బొమ్మ చూపుచు చెప్పుటకై 'ఒక వారము' కథకు ఆద్యంతము తెలుగున వ్యాఖ్యానము వ్రాసికొనియుండిరి. అంకెలు మార్చు దుష్టుడు అందు పక్కవీధి కంట్రాక్టరు. గాలివాన నల్లమలనుండి దిగినది. రైలు మార్కాపురము రోడ్డు స్టేషనునుండి బయలుదేరినది. ఇల్లాలు స్నానము చేయునపుడు సబ్బు జారిపోగా, కెమెరాకు ఎవరో చేయి అడ్డము పెట్టు ఘట్టమొకటి చిత్రమున కలదు. ఆ చోట ఎఱ్ఱసిరాతో "అంతకు ముందే మనమే దీపమునకు చేయి అడ్డము పెట్టవలెను. పిల్లలున్నారు" అని వ్రాసిరి. ఇల్లాలికి పెట్టిన పేరు మేము చదివి, పుస్తకము మూసి మా యింటివారి చేతికిచ్చితిమి.

శివరాత్రికి రెండు దినములు ముందు, రాత్రి అడవిదారి మూసినందున శ్రీశైలము పోవు యాత్రికులు మా యూరనే నిలిచిపోయిరి. మార్కాపురపు వృద్ధుడు యంత్రమునకు క్రొత్త దీపమును, తోలుపట్టెయు వేసి తెచ్చెను. మాటలేని బొమ్మను నేటి వేగముతో త్రిప్పినచో మనుష్యులు చీమలవలె పరుగెత్తుదురని, వేగము తగ్గించు మీటను ఆయనయే నొక్కెను. బడిగోడపై సున్నపు తెలుపే తెర. పిల్లలు ముందు, యాత్రికులు వెనుక, వీధి యాడువారము అరుగుపై. అత్తగారు రానని, తలుపు సందున నిలిచిరి.

మొదటి డబ్బా ఆడినంతసేపును మా యింటివారు తండ్రి వ్రాసిన మాటలు చదివిరి. మేడమీది తలుపు తెఱచి కీటన్ క్రింద పడునపుడు కన్నడ దేశపు ముసలమ్మ యొకతె, తెలుగు ముక్క రానిది, మా భుజము పట్టుకొని ఊగిపోయినది. ఇంటిపని ముగియగానే రీలు అయిపోయెను. రెండవది త్రిప్పుటకు వీలులేదు. గోడపై వట్టి వెలుగు. జనము లేచిపోవుదురనుకొంటిమి. మా యింటివారు చదువుట ఆపలేదు. గాలివాన వచ్చినది, ఇల్లు తిరిగినది, చుట్టములు పడినారు. "పట్టాలమీద మన ఇల్లు. అదిగో రైలు. 'ఏమే' అని ఆయన ఆమెను పేరుపెట్టి పిలిచినాడు" అని, ఆ పేరు చదివిరి. అది మా యత్తగారి పేరు. వీధిలో నందఱికిని తెలిసిన పేరే గనుక ఒక్కసారిగా నవ్వు లేచినది. తెల్లగోడను చూచి జనము రైలును చూచినట్లే కేకలు వేసిరి. మేము తలుపువైపు తిరుగగా అక్కడ ఎవరును లేరు. లోన నడవలో, చీకటిలో, కొంగు నోట కుక్కుకొని అత్తగారు కూర్చుండిరి. నవ్వో ఏడుపో చీకటిలో మాకు పోలలేదు. ఏడాదిగా ఆమె గొంతున ఆ చప్పుడు విని యెఱుగము.

మఱునాడు ఆమెయే సర్దుట మొదలుపెట్టిరి. పులిసిన డబ్బాను తక్కినవానితో కలిపి యుంచిన వానికిని ఆ రోగము అంటునని వృద్ధుడు చెప్పియుండెను. వేడిమియు చెమ్మయు దానికి శత్రువులు. చల్లగా, పొడిగా, గాలి యాడుచు నుండవలెను. మా యింట అట్టి తావు ఒక్కటే, వంటింటి వెనుక ఉత్తరపు గది. అచ్చట ఆవకాయ జాడీలుండును. ఆమె జాడీలను కిటికీక్రిందికి మార్పించి, మంచి డబ్బాలు మూడింటిని పై యరలోను, పులిసినదానిని వేఱుగా గోడ యవతలను పెట్టించిరి. నోటుపుస్తకమును వేపాకు వేసి తన పట్టుచీరల నడుమ దాచుకొనిరి. మా యింటివారు దానిని ఫోనుతో పుటపుటయు చిత్రము తీసి యుంచిరి.

పాత యినుము కొనువాడు నెల తిరుగగానే వచ్చి కేకవేసెను. అత్తగారు గుమ్మమువఱకు పోయి, విరిగిన బకెటు నొకదానిని వానికిచ్చి పంపిరి. తిరిగి వచ్చుచు కొడుకువంక చూచి, "మీ నాయన కమ్మలు బాకీ పడినాడు, నేను మర్చిపోలేదు" అనిరి. ఈ నెల జీతము రాగానే మార్కాపురము పోవలెనని మేము అనుకొనుచున్నాము.